ఖాళీ మేకు

పిలుస్తామని చెప్పి తలుపు వేసుకున్నారు. ముందు స్వాగత వచనాలట, ఆ పైన పోయినేడాది గొప్పలట, తర్వాత టీలట, అవన్నీ అయ్యాక ఆమె వంతు. ఎంత లేదన్నా గంట పడుతుందని అటెండరు చెప్పి, వరండాలో గోడవార బల్ల చూపించాడు. కూర్చుంది. ఒళ్ళో నివేదిక, ఎదురుగా ఇంకో గోడ. ఇంత పెద్ద ఆస్పత్రిలో ఆమె తలెత్తి చూడటానికి ఇష్టపడని గోడ అదొక్కటే, తీరా కూర్చోబెట్టింది సరిగ్గా దాని ఎదుటే. గోడ నిండా పసిపిల్లల ఫొటోలు. బోసినోళ్ళు, చొంగ కారుతున్న గడ్డాలు, కెమెరా వైపు కాకుండా పక్కన ఎవరో ఆడిస్తున్న గిలక్కాయ వైపు తిరిగిన కళ్ళు. పైన నీలం అక్షరాలతో 'మనం బతికించిన పిల్లలు' అని ఉంది. దారిన పోయేవాళ్ళు అక్కడికి రాగానే నడక తగ్గిస్తారు, కొందరు కళ్ళొత్తుకుంటారు, ఒకసారి కరెంటు పనికి వచ్చినాయన నిచ్చెన దించి మరీ చూశాడు. ఆమె చూపు మాత్రం ఎన్నిసార్లు మళ్ళించినా రెండో వరుస చివరికే పోతుంది. అక్కడ ఫొటో లేదు, మేకు ఉంది. ఊడబెరకడం మర్చిపోయారో, మళ్ళీ పనికొస్తుందని ఉంచారో, ఉత్త మేకు, కాస్త కిందికి వంగి. ఇన్నేళ్ళలో దాన్ని గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఆస్పత్రి లెక్కలు చూసే ఆఫీసులో ఆమెకు తీసివేతమ్మ అని పేరు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు, ఆమెకు తెలుసని వాళ్ళకూ తెలుసు. ఎవరు ఎంత ఘనమైన అంకె తెచ్చి బల్ల మీద పెట్టినా, బాగానే ఉంది, ఇందులోంచి ఏం తీసేయాలి అని అడగడం ఆమె అలవాటు, జీతం ఇస్తున్నదీ అందుకే. అమ్మ దృష్టిలో మాత్రం అది ఉద్యోగం కాదు, సర్దుకుపోవడం చేతగాని బుద్ధి. అక్కని చూసి నేర్చుకోవే అని అమ్మ అనని రోజు లేదు. అక్క సర్దుకుపోతుంది, చిన్న కంచం వచ్చినా, కిటికీ పక్క సీటు పోయినా. చెల్లెలు మాత్రం తన వంతు సంగతి తేలేదాకా అన్నం ముట్టదు. ఇవాళ పొద్దున పెద్ద డాక్టరు తన గదికి పిలిచి, స్వయంగా కుర్చీ జరిపి కూర్చోమన్నప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. ఆయన కుర్చీలు జరిపే మనిషి కాదు. ఆర్నెల్ల పిల్లల ఉచ్చ చూసి, కడుపులో పెరిగే క్యాన్సర్ గడ్డను ముందే పట్టే ఈ పరీక్ష మొదలుపెట్టింది ఆయనే. వెనకటికి ఒక మూడేళ్ళ పాప ఆయన చేతుల్లోనే పోయిందట, జబ్బు కాస్త ముందు తెలిసుంటే దక్కేదని ఆ పాప తల్లికి చెప్పలేక చెప్పాడట, ఆ మాట ప్రతి సభలో చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. అది నటన కాదని ఆమె ఎక్కడైనా సాక్ష్యం చెబుతుంది. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా ఇవాళ తెచ్చుకుంది. "అంతా ఉంచమ్మా, ఆ ఒక్క పట్టిక తీసెయ్. చివర్లో ఆపేయాలి అని కాకుండా, ఇంకా పరిశీలించాలి అని రాయి. ఏం పోయింది?" అన్నాడు. ఏం పోయిందో ఆ పట్టికలోనే ఉంది.

ఇంకా పరిశీలించాలి. ఈ ముక్క వింటే చాలు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరిని పరిశీలించాలి? రేపు పుట్టేవాళ్ళనే కదా. వాళ్ళ గుడ్డల్లోనూ కాగితం ముక్క పెట్టి, వాళ్ళ ఉచ్చనూ ఆరబెట్టి, కవర్లో పెట్టించి తెప్పించుకుని, అందులో ఫలానా పదార్థం ఎక్కువుందని తేలగానే వాళ్ళనూ ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టాలి, మనం ఇంకా పరిశీలిస్తూ ఉండాలి. ఎంత మెత్తటి మాట, ఎక్కడా గుచ్చుకోదు, చదివినవాడు తల ఊపి పేజీ తిప్పేస్తాడు. ఆమె పరిశీలించేసింది. కళ్ళు కాయలు కాచేలా పరిశీలించింది. ఆర్నెల్ల పిల్లలందరికీ పరీక్ష చేసిన ఈ ప్రాంతాన్నీ, పరీక్ష ఊసే ఎత్తని పక్క ప్రాంతాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఇక్కడ ఈ గడ్డ దొరికిన పిల్లలు రెండింతలు. మంచిదే. మరి ఈ గడ్డతో చనిపోయిన పిల్లలు? ఇక్కడా అంతే, అక్కడా అంతే. రెండింతల మందిని పట్టుకున్నాం, చావు మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అదేమిటని తవ్వితే బయటపడ్డది ఇది: పసివాళ్ళలో ఈ గడ్డల్లో చాలా మటుకు వాటంతటవే కరిగిపోతాయి, వచ్చిన సంగతి తల్లికి తెలియదు, పోయిన సంగతీ తెలియదు. ప్రాణం తీసే రకం వేరు. అది ఆర్నెల్లప్పుడు ఏ కాగితానికీ చిక్కకుండా రెండేళ్ళకో మూడేళ్ళకో విరుచుకుపడుతుంది, పరీక్షలో ఏమీ లేదన్నారుగా అని తండ్రులు నోరు తెరిచి నిలబడిపోతారు. చెరువులో వల వేసి చిన్న చేపల్ని గుట్టలు పోసి, మొసలి పీడ వదిలిందని చప్పట్లు కొట్టుకున్నట్టుంది మన పని. ఈ పోలిక నివేదికలో రాస్తే బాగుండదని తనే కొట్టేసింది, ఇప్పుడు ఎందుకు కొట్టేశానా అనుకుంటోంది. లోపల ఎవరో జోకు వేసినట్టున్నారు, నవ్వు తలుపు సందులోంచి వరండాలోకి వచ్చి ఆగిపోయింది.

అసలు తప్పు ఈ గోడతోనే మొదలైంది, ఇంకెక్కడా కాదు. ఈ ఆస్పత్రిలో ఆనవాయితీ ఏమిటంటే గడ్డ కనిపెట్టిన రోజునే ఫొటో తీసి తగిలిస్తారు. ఆపరేషన్ అయ్యాక కాదు, పిల్ల కోలుకున్నాక కాదు, కనిపెట్టిన రోజున. ముందే పట్టుకున్నాం కాబట్టి బతికినట్టే అని పెద్ద డాక్టరు నమ్మకం, ఆ నమ్మకంతోనే తన చేత్తో తను మేకు కొడతాడు, సుత్తి ఆయన బల్ల సొరుగులోనే ఉంటుంది. మేకు కొట్టగానే లెక్కలో ఒకటి పెరుగుతుంది. బతికించినవాళ్ళ సంఖ్య అంటే ఇక్కడ మేకుల సంఖ్యే, ఆ మాట ఆమె మొదటి వారంలోనే అంది, అందరూ నవ్వారు, తీసివేతమ్మ అని పేరు పడింది ఆ రోజే. దొరికినవాళ్ళు దొరకనివాళ్ళ కంటే ఎక్కువ కాలం బతుకుతున్నారని గొప్పగా గీసిన బొమ్మలన్నీ ఆ మేకుల మీద నిలబడ్డవే. ఊరికే కరిగిపోయే గడ్డల్ని ఏరి తెచ్చి అందులో కలిపితే ఎందుకు బతకరు, బ్రహ్మాండంగా బతుకుతారు. ఆపరేషన్ బల్ల మీద పోయినవాళ్ళో, మందు తట్టుకోలేక పోయినవాళ్ళో, వాళ్ళు మాత్రం ఈ జబ్బుతో పోయినట్టు కాదట. పోయింది జబ్బు వల్ల కాదు కదా. ఇతర కారణాలు. ఆ గడిలో వాళ్ళు కారు గుద్దినవాళ్ళ పక్కన, నీళ్ళలో పడినవాళ్ళ పక్కన పడి ఉన్నారు, ఆమె వెళ్ళి ఒక్కొక్కరినీ ఏరుకుని వచ్చేదాకా. ముగ్గురు. ఇద్దరివి వేరే కేంద్రాలు. ఒకడిది ఈ గోడే, ఫొటో తీసేసిన ఈ మేకే. అక్క వాణ్ణి గుండోడు అనేది, పక్క మంచం వాడు, తొడల మీద మడతలు లెక్కపెట్టలేనంత బొద్దు, గడ్డ ఉందంటే ఎవరూ నమ్మనంత బొద్దు. వాడి మేకుకు ఇటు పక్కన తగిలించి ఉన్నది పిచ్చుక ఫొటో. పిచ్చుక అక్క కూతురు.

ఆ కాగితం కథ అక్క ప్రతి సభలో చెబుతుంది, ఇవాళ లోపల కూడా చెప్పబోతోంది, తల్లుల తరపున మాట్లాడేది ఆవిడే. పిల్ల గుడ్డలో కాగితం పెట్టిందట, తడిసిందట, ఆరబెడదామని కిటికీకి బట్టల క్లిప్పుతో తగిలించిందట, అంతలో గాలికి క్లిప్పు ఊడి కాగితం వీధిలోకి ఎగిరిందట, బావ బనీను మీదే మెట్లు దిగి పరిగెత్తి, పాలబండి కింద దూరి మరీ పట్టుకొచ్చాడట. జనం నవ్వుతారు. అక్క నవ్వు ఆగేదాకా ఆగి, అప్పుడంటుంది: ఆ కాగితం గాలికి పోయి ఉంటే నా పిల్ల ఇవాళ ఉండేది కాదు. నవ్విన కళ్ళే తడిసిపోతాయి. ఎంత బాగా చెబుతుంది అక్క. ఆ మాట దగ్గర ఆమెకూ ఏళ్ళ తరబడి గుండె జారేది, పాలబండి కదిలిపోయినట్టు, బావ చేతులు ఖాళీగా వచ్చినట్టు కలలొచ్చేవి. ఇప్పుడు అదే వాక్యం ఎదురు తిరిగి నిలబడింది. ఆ కాగితం గాలికి పోయి ఉంటే? పోయి ఉంటే పిచ్చుకకు రెండు మూత్రపిండాలు ఉండేవేమో. గడ్డతో పాటు ఒకటి తీసేశారు, అంటుకుని ఉందన్నారు. ఆ ఒక్కదాన్ని కాపాడుకోవాలని పిల్ల మెడలో ఎప్పుడూ నీళ్ళ సీసా, గంట గంటకూ రెండు గుక్కలు, బడిలో టీచరు పాఠం చెబుతున్నా సరే. నడుము పక్కన ఇటు నుంచి అటు దాకా కుట్ల గీత. పిచ్చుక దాన్ని జిప్పు అంటుంది, తనని దేవుడు కాదు డాక్టరు కుట్టాడని స్నేహితులకు చెబుతుంది, చూపించమంటే ఒక బిస్కెట్టు తీసుకుని చూపిస్తుంది. లేదు, ఆ కాగితం పోయి ఉంటే అసలు పిచ్చుకే లేకపోయేదేమో. ఆ రెండిట్లో ఏదో ఒకటి నిజం. ఏదన్నది ఏ లెక్కలోనూ తేలదు. వందమందిని వరుసలో నిలబెడితే ఇంతమందికి అనవసరంగా కోశామని చెప్పగలదు, ఫలానా పిల్లకి అని వేలు పెట్టి చూపించలేదు. పోయిన వారం ఫోన్లో అక్కకు ఇదే చెప్పబోయింది. సగంలోనే అటు వైపు ఫోను పెట్టేసిన చప్పుడు. అక్క ఫోను పెట్టేయడం అదే మొదలు, సర్దుకుపోయే మనిషి.

వరండా చివర చెప్పుల చప్పుడు విని తల తిప్పకుండానే తెలిసింది. ఒక అడుగు పెద్దది, రెండు అడుగులు చిన్నవి, చిన్నవి పరుగు. పిచ్చుక పిన్నీ అంటూ వచ్చి ఒళ్ళో నివేదిక మీదే వాలింది, కాగితాలు నలిగాయి, నలగనీ అనుకుంది. స్టేజీ మీద నమస్కారం పెట్టాలట, పెడితే చప్పట్లు కొడతారట, పోయినసారి కంటే ఈసారి ఎక్కువ కొట్టిస్తానంది. ఏటా అంతే, దొరికిన పిల్లల్ని వేదిక ఎక్కిస్తారు, చప్పట్లు మోగుతాయి. చప్పట్లు అందుకోవడానికి వచ్చేవాళ్ళంతా బతికినవాళ్ళే, రానివాళ్ళను ఎవరూ ఎందుకు రాలేదని అడగరు. అక్క బల్ల ఆ చివర కూర్చుంది, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత చోటు వదిలి. మొహం గంటు పెట్టుకుని ఉంది, కళ్ళ కింద నల్లగా. పిచ్చుక ఒక్కచోట నిలవదు కదా, గోడ దగ్గరికి పోయి తన ఫొటో చూసుకుని వెక్కిరించి, మెడలో బరువుగా ఉందేమో, నీళ్ళ సీసా తీసి పక్కనున్న మేకుకు తగిలించింది. సరిగ్గా అందింది. తనకోసమే కొట్టినట్టు.

సీసా మేకు మీద అటూ ఇటూ ఊగి ఆగింది. ఎందుకో దాగుడుమూతలు గుర్తొచ్చాయి. అక్క దొంగ. పిల్లలు ఐదుగురు. తను నీళ్ళ డ్రమ్ము వెనక, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఊపిరి బిగబట్టి. అక్క నలుగురిని పట్టేసింది, అందరూ దొరికారో అని అరిచింది, అందరూ ఇళ్ళకు పోయారు. అందరూ దొరికారో. డ్రమ్ము వెనక కూర్చున్న పిల్లకు ముందు గెలిచానని గర్వం, తర్వాత ఆకలి, తర్వాత తనను లెక్కలో మర్చిపోయారని తెలిసి వచ్చిన ఏడుపు. అది భయం వల్ల వచ్చిన ఏడుపు కాదు, ఉక్రోషం. పొద్దుగూకాక అక్కే వెతుక్కుంటూ వచ్చి, డ్రమ్ము పక్కకు లాగి, తనకంటే ఎక్కువ ఏడ్చింది. అమ్మ ఇద్దర్నీ కలిపి కొట్టింది. ఆ తర్వాత చాలా రోజులు ఆట అయిపోయినప్పుడల్లా అక్క వేలు పెట్టి ఒక్కొక్కరినీ తాకి మరీ లెక్కపెట్టేది. లోపల కప్పుల చప్పుడు మొదలైంది, అంటే టీలు వచ్చాయి, అంటే ఇంక ఎంతో సేపు లేదు. పట్టిక తీసేయడం ఎంతసేపు, మధ్య కాగితం ఒక్కటి లాగేస్తే పిన్నులు కూడా విప్పనక్కర్లేదు. పెద్ద డాక్టరు మళ్ళీ కుర్చీ జరుపుతాడు. అక్క మళ్ళీ ఫోను ఎత్తుతుంది. పిచ్చుక పుట్టినరోజుకు పిన్ని లేకుండా కేకు కోయరు. ఇన్ని నిలబెట్టుకోవడానికి ఒక్క కాగితం. ఆమె వేళ్ళు ఆ కాగితం అంచును పట్టుకుని చూశాయి, ఎంత పలచగా ఉందో. పట్టుకున్నాయి, వదిలేశాయి. చచ్చినా తీయను అని పైకే అన్నట్టుంది, అటెండరు ఇటు చూశాడు.

"నా పిల్లని ఏ వరుసలో వేశావు?" అంది అక్క. గోడ వైపు చూస్తూనే అంది.

"కనిపెట్టినవాళ్ళ వరుసలో."

"బతికించినవాళ్ళ వరుస లేదా?"

"లేదక్కా. పిచ్చుక గడ్డ దానంతటదే కరిగేదో, పెరిగేదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఇక తెలిసే దారి కూడా లేదు."

"తెలీనప్పుడు నోరు మూసుకోవచ్చుగా."

"తెలీకుండా కోస్తున్నామని తెలిసిపోయింది కదా. అది చెప్పాలిగా."

ఆపరేషన్ రోజున ఇదే అక్క, ఇలాగే, గోడ చూస్తూ కూర్చుంది, పక్కన గుండోడి తల్లి. ఇద్దరికీ ఒకే ఫ్లాస్కు, ఒకే మూత, ఒకరు తాగి ఇంకొకరికి ఇచ్చుకునేవాళ్ళు. ముందు పిచ్చుకను తీసుకెళ్ళారు, తర్వాత గుండోణ్ణి. పిచ్చుక బయటికొచ్చి రాగాలు పెట్టింది, వాడు రాగం పెట్టలేదు. ఎర్ర స్వెట్టరు వేసుకున్న ఆ తల్లి మూత అక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిన వెళ్ళడం, మళ్ళీ అటు వైపు రాలేదు. ఆ మూత అక్క దగ్గరే ఉండిపోయింది, ఇప్పటికీ వంటింట్లో గట్టు మీద బోర్లించి ఉంటుంది, దాన్ని ఎవరూ వాడరు, పారేయరు. ఆ మూత సంగతి సభల్లో అక్క ఎన్నడూ చెప్పలేదు. చెబితే కాగితం కథ నడవదు మరి. ఇదంతా అక్కకు గుర్తొస్తోందా, తనకే గుర్తొస్తోందా, పక్కనున్న మనిషి ఆలోచన మనలోకి వచ్చేస్తుందా ఒకోసారి, ఏమో, అక్క చూపు మాత్రం పిచ్చుక ఫొటో దాటి పక్కకు జరిగింది, సీసా మీద ఆగింది, సీసా వెనక మేకు మీద ఆగింది.

"గుండోణ్ణి ఏ వరుసలో వేశారు?"

ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరైనా అడుగుతారని ఆమె అనుకోలేదు, అక్క అడుగుతుందని అసలే అనుకోలేదు. నీళ్ళు నమలకుండా చెప్పింది. ఇతర కారణాలు అని. ఈ జబ్బు లెక్కలో వాడు లేడని, వాడే కాదు, ఆపరేషన్ వల్లో మందు వల్లో పోయిన ఎవరూ లేరని, తను తీసుకొచ్చి కలిపిన పట్టికనే పెద్దాయన తీసేయమంటున్నాడని చెప్పింది.

"ఇతర కారణాలా?" అంది అక్క. ఆ మాట రుచి చూసి ఉమ్మేసినట్టు అంది. "నా పక్క మంచమే కదే. ఏ ఇతర కారణం?"

లోపల మైకులో పెద్ద డాక్టరు గొంతు వినిపిస్తోంది, పూడుకుపోతోంది, అంటే మూడేళ్ళ పాప కథ దాకా వచ్చాడు. అక్క లేచింది. చీకాకు పడ్డప్పుడల్లా చేసేట్టు చేతులు రెండూ దులుపుకుంది, చెల్లెలి ఎదురుగా వచ్చి నిలబడింది. నీ మాట నేను ఒప్పుకోను అంది, నా పిల్లని పరీక్షే బతికించింది అంది, నీ తర్వాత మైకు నాకే ఇస్తారు, ఆ మాటే చెబుతాను, కాగితం కథ కూడా చెబుతాను, నువ్వు ఎదురుగా కూర్చుని వినాలి అంది. వింటానంది ఆమె. వినడమే కాదు, పాలబండి దగ్గర గుండె కూడా జారుతుంది, అది ఆపడం తన చేతిలో లేదు. అక్క కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, గొంతులో మాత్రం లేవు. "అది వేరే సంగతి," అంది. "వాణ్ణి మాత్రం కలుపు. ఎవడు తీసేయమన్నా తీయకు."

అని గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకు ఉన్న నీళ్ళ సీసా తీసి కూతురి మెడలో వేసింది. ఎందుకు తీశావని పిచ్చుక గునిసింది, అక్కడ ఖాళీగానే ఉంది కదా అంది.

"ఖాళీ కాదమ్మా," అంది అక్క. "అది వేరేవాళ్ళది."

తలుపు తెరుచుకుంది. అటెండరు పిలిచే లోపే ఆమె లేచి నిలబడింది. లోపల పొడుగాటి బల్ల, సగం తాగిన కప్పులు, కిటికీ తెరలు వేసి ఉన్నాయి, తెల్లటి గోడ మీద వరండా గోడ బొమ్మే పెద్దదిగా వెలుగుతోంది, ఎంత తెలివిగా తీశారో రెండో వరుస చివర కోసేసి ఉంది. పెద్ద డాక్టరు ముందు ఆమె మొహం చూడలేదు, చేతిలో నివేదిక మందం చూశాడు. చూసి కళ్ళు దించుకున్నాడు. అధ్యక్షుడు గడియారం చూసుకుని, శుభవార్తతో మొదలుపెట్టండి అన్నాడు. అక్క పిల్ల చేయి పట్టుకుని వచ్చి ముందు వరుసలో, సరిగ్గా ఆమెకు ఎదురుగా కూర్చుంది. ఆమె మైకు ఎత్తు సరిచేసింది. నిశ్శబ్దంలో సీసా మూత తిప్పిన చప్పుడు, రెండు గుక్కలు, మళ్ళీ మూత. పుట్టి బుద్ధెరిగాక ఒక సభలో ఏదీ తీసేయకుండా మొదలుపెట్టడం తనకు ఇదే మొదలని ఆమెకు తట్టింది.

"ఈ గోడ మీద ఒకడు తక్కువున్నాడు," అంది. "ముందు వాణ్ణి కలుపుదాం. ఆ తర్వాత ఎంతమందిని బతికించామో మాట్లాడుకుందాం."